చివర వాడినోడే ముందు

పొద్దున్నే పోయి, బొరుగుల ఉగ్గాని చల్లారేలోగా ఇంటికి వచ్చేద్దామనుకున్నాడు ధనుంజయ. వేంపల్లె బజారులో నాగసుబ్బయ్య, వేణుగోపాల్ అనే అన్నదమ్ములకు శుభలేఖలు అచ్చువేసే దుకాణం ఉంది. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు, అదీ ముసలిది. అన్న దానిమీద పత్రికలు కూర్చుతాడు. తమ్ముడు ఇంటర్నెట్టులో పిల్లలకు పరీక్షా ఫలితాలు తీసిస్తాడు. ఆ దారినే వైరస్సులు దూరి యంత్రం ఆయాసపడుతోంది. అన్న పనికి విండోస్ అట్లే ఉంచి, తమ్ముడి పనికి పక్కనే ఊరికే దొరికే తేలికపాటి లినక్సు ఎక్కిస్తే సరిపోతుంది.

కూలి అక్కర్లేదన్నాడు ధనుంజయ. కాలేజీ మెట్టెక్కలేదు, అన్నీ సొంతంగా నేర్చినవే. సాఫ్ట్‌వేరు ఎవడబ్బ సొత్తూ కాదని బస్టాండులో అరిచి, సీడీలు ఊరికే పంచిన మనిషి. ఈ దుకాణంలో లినక్సు నిలబడితే బజారంతా తన మాట వింటుంది. లేకపోతే ఇంకెవడూ వినడు.

ఇట్లా ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్నచోట, మీట నొక్కగానే ముందు తాను లేచి, ఏదో ఒకదాన్ని తట్టి లేపే చిన్న ప్రోగ్రాం కావాలి. దాన్నే బూట్‌లోడరంటారు. వాటిలో లిలో అనేది పెట్టాలా, గ్రబ్ అనేది పెట్టాలా? భర్త ఉపన్యాసాలు వినీ వినీ శ్రీదేవికి కూడా ఆ రెండు పేర్లూ నోటికొచ్చేశాయి.

"ఆ లిలోనే పెట్టేసి రాయ్యా. ఒకసారి చెప్పిందే చేస్తాది. ఎదురు మాట్లాడదు."

"ఏం మార్చినా దాన్ని మళ్లా ఎక్కించాల. గ్రబ్బయితే ఏమేముండాయో పట్టిక తనే చదువుకుని, ఎంచుకోమని తెరమీద చూపిస్తాది. శానా తెలివైంది. మనిషికి ఎంచుకునే హక్కు ఉండాల!"

"వాళ్లిద్దరూ ఇన్నేండ్లు ఏమీ ఎంచుకోకనే బాగుండారు కదా?"

విన్లేదు. గ్రబ్బే పెట్టాడు. తెరమీద పట్టిక వచ్చింది: పైన లినక్సు, కింద విండోస్. నాగసుబ్బయ్య అద్దాలు సర్దుకుని చూశాడు.

"ఏమప్పా, నాది కిందేసినావే?"

"వరసదేముందన్నా, ఏదైనా ఒకటే."

"ఒకటే అయితే నాది పైన పెట్టు. పత్రికలో పెద్దోళ్ల పేరు కిందికి పోయిందని పెండ్లికొడుకు తట్టు వాళ్లు లేచిపోయింది నేను చూసినా. నాకు చెప్తాండావా వరస?"

మార్చాడు. మరుసటి రోజు వేణుగోపాల్ పట్టుకున్నాడు.

"మీట నొక్కి నేను టీ తెచ్చుకునే లోపల, పైనుండే అన్నదే తనంతట లేచి కూచుంటాండాది! బోర్డు మీద రెండోవాణ్ని, గల్లాపెట్టె కాడ రెండోవాణ్ని. ఈడ గూడానా?"

ధనుంజయకు అప్పుడు మెరిసింది ఉపాయం. చివరిసారి ఏది నడిచిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ దాన్నే లేపే వసతి గ్రబ్‌లో ఉంది. "ఇంక పెద్దా లేదు, చిన్నా లేదు. చివర వాడినోడే ముందు! సమానత్వమంటే ఇదీ!" అని గల్లాపెట్టె మీద గుద్ది మరీ చెప్పాడు.

ఆనాటి నుంచి దుకాణం కట్టేసే వేళకు ఇద్దరూ కుర్చీ వదలడం మానేశారు. తమ్ముడు పోతూ పోతూ ఒకసారి లినక్సు లేపి ఆపేవాడు. అన్న సగం దారిలోంచి వెనక్కొచ్చి విండోస్ లేపి ఆపేవాడు. ముందు ఇంటికి పోయినవాడు ఓడినట్టు. అన్నం క్యారేజీలు దుకాణానికే వచ్చాయి. అంతకుముందు ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పంచుకున్న మనుషులు, ధనుంజయ కనబడితే అతన్ని మధ్యన నిలబెట్టి మాట్లాడారు.

"వాణ్ని లేయమని చెప్పప్పా."

"నేను లేయనని చెప్పప్పా."

ధనుంజయకు భార్య మాట గుర్తొచ్చింది. శ్రీదేవి చెప్పినట్టు చేసి ఉంటే! మరుసటి పొద్దున లిలో సీడీ జేబులో వేసుకుని పరిగెత్తాడు. అప్పటికే మించిపోయింది. ముందురోజు సాయంత్రం అన్న మీట నొక్కుతుంటే తమ్ముడు కరెంటు తీగ పీకాడట. అన్న మళ్లీ గుచ్చాడట, తమ్ముడు మళ్లీ పీకాడట. డిస్కు కీచుమని అరిచి, ఆపైన ఊపిరి తీయలేదు.

గుమ్మంలో దేవేంద్రప్ప నిలబడి ఉన్నాడు. అతని గృహప్రవేశం పత్రిక ఆ డిస్కులోనే ఉంది.

"పత్రికలు యాడప్పా? ఆదివారమే ఇంట్లో చేరేది! ఎవడు చేసినాడు ఈ పని?"

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అట్లా చూసుకుని శానా రోజులైంది. ఇద్దరి వేళ్లూ ఒకేసారి లేచాయి.

"ఈ ధనుంజయే!"

దేవేంద్రప్ప తిట్టిన తిట్లకు బజారంతా గుమిగూడింది. తర్వాత నాగసుబ్బయ్యే అతన్ని కూర్చోబెట్టి, ఇద్దరం కలిసి రాయచోటికి పోయి అక్కడి అచ్చాపీసులో సాయంత్రానికల్లా మళ్లీ కూర్చి, అచ్చేసి తెస్తామన్నాడు. తమ్ముడు తలూపాడు. కడప నుంచి కొత్త కంప్యూటరు తెద్దామనీ, అందులో విండోస్ ఒక్కటే ఉండాలనీ నిలబడ్డచోటే అనుకున్నారు.

"అన్నా, ఈసారి లిలో పెడితే..." అని నసిగాడు ధనుంజయ.

"గడప దిగప్పా నువ్వు!" అన్నారిద్దరూ, ఒకే గొంతుతో.

దిగాడు. వెనక వేణుగోపాల్ ఏదో అన్నాడు, నాగసుబ్బయ్య పగలబడి నవ్వాడు. అది తన మీదేనని ధనుంజయకు తెలుసు. అయినా ఆ నవ్వు విని కడుపు నిండింది. బజారులో ఇంక తన మాట వినేవాడు లేడని గుర్తొచ్చి కళ్లూ నిండాయి.

ఇన్నేళ్ల ఉద్యమంలో ధనుంజయ సాధించిన ఐక్యత అదొక్కటే, అందులో అతనికి సభ్యత్వం లేదు.