కానుగ చెట్టు, కుండీలో కోనిఫర్

సృష్టిలోని చెట్లన్నీ రెండే రకాలు: యాప్‌లో ఉన్నవి, అడ్డంగా ఉన్నవి. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత బాన్సువాడ పట్టణ వృక్ష వర్గీకరణ విభాగానిది (స్థాపన ఈ మధ్యే, కుర్చీలు ఇంకా రావాలి).

వర్గీకరణాధికారి బాలరాజ్ గారు ముందుగా తమ ఆఫీసు ముందున్న రెండు చెట్లను పోల్చారు. ఒకటి కానుగ. పువ్వు పూస్తుంది, గింజను కాయలో దాచుకుంటుంది (ఆడిట్‌లో ఇది అనుమానాస్పదం). కనుక పుష్పించే జాతి. రెండోది దాని నీడలోనే కుండీలో ఉన్న క్రిస్మస్ చెట్టు. పువ్వూ లేదు, కాయా లేదు. గింజ వేస్తే గీస్తే శంకువులో బాహాటంగానే వేస్తుంది. కనుక కోనిఫర్, పైగా పారదర్శకం. బదిలీ మీద పోతూ ఓ పెద్దసారు లారీలో పట్టక దీన్ని వదిలేసి వెళ్ళారు. ఇంతవరకు శాస్త్రం.

ఆ పైన సంరక్షణ. ఊళ్ళో ఒక్కటే ఉంటే అరుదైన జాతి, నాలుగుంటే మామూలు జాతి అని నిబంధన. క్రిస్మస్ చెట్టు 'అత్యంత అరుదు' అయింది. కానుగ 'విరివిగా లభ్యం' అయింది, ఉల్లిగడ్డల్లాగ. అరుదైనదానికి కంచె వేయాలి. కంచెకు కానుగ మొదలు అడ్డం. కొట్టేయమన్నారు.

ఆ కానుగ కింద జొన్న రొట్టెలు కాల్చి అమ్ముకునే కనకవ్వ ఉరికొచ్చింది.

"ఓ సారూ, గీ ఎండల, పొయ్యి ముంగట, నీడ లేకుంట నేనెట్ల కూసుండాలె? నా బతుకే గీ చెట్టు కింద ఉన్నది!"

"ఫికర్ చెయ్యకు అవ్వా. కానుగలన్నీ పోయి ఒక్కటే మిగిలిననాడు రా. దానికి సుత కంచె ఏపిస్త."

"గప్పటిదాంక నేనుంటనా?"

బాలరాజ్ గారు ఆలోచించారు. రొట్టెలమ్మే అవ్వలు కూడా ఊళ్ళో నలుగురున్నారు.

కానుగ పడింది. (నాకు ఒళ్ళు మండింది. కానీ రోజూ అక్కడ తిన్నవాణ్ణి, నా కోపం నిష్పాక్షికం కాదట.)

మర్నాటి నుంచీ ఎండంతా క్రిస్మస్ చెట్టు మీదే. అలవాటు లేని ప్రాణి, ఆకులు ఎర్రబడ్డాయి. విభాగం ఆ పూటే సమావేశమై, ఆ పూటే ఆకుపచ్చ నెట్టుతో పందిరి మంజూరు చేసి, ఆ పూటే వేయించింది. ప్రభుత్వం ఇంత వేగంగా పని చేస్తుందని మాకెవరికీ తెలీదు.

మధ్యాహ్నం కళ్ళు తిరిగి, కనకవ్వ పెనం దించి ఆ పందిరి అంచున కూర్చుంది. బాలరాజ్ గారు బయటికొచ్చారు. మర్యాదగానే చెప్పారు.

"జర లే అవ్వా. గీ నీడ చెట్టుకు మంజూరైంది."