కమాండో కత్తికి సాన

పెళ్లయిన పన్నెండేళ్లకు ముత్యం తన భార్య మంగకు మొట్టమొదటిసారిగా ఒక కానుక ఇచ్చాడు. అది కత్తి.

మామూలు కత్తి అయితే ఈ కథ ఉండేది కాదు. నిలువెల్లా నలుపు. జానెడున్నర పొడవు. వీపున రంపపు పళ్లు, పిడి చివర కారు అద్దాలు పగలగొట్టే ఇనుప ముక్కు, నడుముకు కట్టుకోవడానికి ఒర. సరిహద్దులో సైనికుడి చేతిలో ఉండాల్సిన సరుకు సూరత్ వచ్చి, ఉధ్నాలో మూడో అంతస్తు గదిలో గ్యాసు పొయ్యి పక్కన దిగింది.

"ఏందిది?" అంది మంగ.

"నీ పుట్టినరోజు కానుక."

మంగ కత్తి వంక చూసింది, మొగుడి ముఖం వంక చూసింది. "మంచిగున్నది," అని ఊరుకుంది. పన్నెండేళ్ల కాపురంలో ఎదురు ప్రశ్న వేయకుండా ఆమె ఒప్పుకున్న మొదటి సంగతి అదే. ముత్యం అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. పడలేదు.

అసలు కథ వేరే ఉంది. ఉధ్నాలో మరమగ్గాల మీద బతికే మన తెలంగాణ కుటుంబాలు ఇరవై రెండు కలిసి ఏటా పోచమ్మ పండుగ చేసుకుంటాయి. మేకను కోశాక మాంసాన్ని ఇంటికొకటి చొప్పున ఇరవై రెండు పోగులు పెట్టాలి. ప్రతి పోగులోనూ తొడ ముక్క, బొక్క, ఇంత కార్జం సమంగా పడాలి. ఎవరి పోగులోనన్నా కండ తగ్గి బొక్కలు ఎక్కువయ్యాయంటే ఆ ఇల్లాలు మళ్లీ పండుగ దాకా మరిచిపోదు. అందుకే పోగులు కొట్టేవాడంటే అందరికీ భయమూ భక్తీ. ఇన్నేళ్లూ ఆ పని బక్కయ్యది. ఈ ఏడు బక్కయ్యకు హజీరాలో కంపెనీ పని దొరికి, సంసారంతో సహా అటు వెళ్లిపోయాడు. అతను పోగా మిగిలినవే ఈ ఇరవై రెండు ఇళ్లు.

ముత్యం పదకొండేళ్లుగా చేసిందల్లా మేక కాళ్లు పట్టుకోవడం. మేకలకు పైలోకంలో పంచాయతీ అంటూ ఉంటే మొదట బయటికొచ్చే పేరు ముత్యానిదే. కోసినవాడికి గౌరవం, పట్టుకున్నవాడికి పాపం, ఇదేం న్యాయమని అతను లోపల్లోపల కుమిలిపోతున్నాడు. ఈసారి పోగులు తానే కొట్టాలి. చచ్చినా సరే, మేకతో పాటు తానూ చచ్చినా సరే.

పండుగ పెద్ద మొండయ్య తీర్పు చెప్పాడు: "మంచి కత్తి ఎవలదైతె పోగులు వాళ్లే కొడ్తరు. ఆదివారం తెచ్చి సూపెట్టుండ్రి." పోటీకి ఇంకొకడు కూడా ఉన్నాడు, పరుశురాం. పేరులోనే గొడ్డలి పెట్టుకుని పుట్టినవాడు.

ఆ రోజు నుంచి ముత్యం ఫోనులో కత్తుల వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. నల్లకళ్లద్దాల గడ్డపాయన ఒకడు హిందీలో, మంచి కత్తికి ఏమేం ఉండాలో పూనకం వచ్చినట్టు చెబుతుంటాడు. ముత్యం అన్నీ బట్టీ పట్టాడు. తెప్పించుకోవాలంటే ఒకటే అడ్డు, మంగ. అంతకుముందు మూడు కిలోమీటర్ల దూరం వెలుగు పడే టార్చిలైటు తెప్పించాడు. అది ఇప్పుడు మంచం కోడు కింద ఎత్తు కోసం పనిచేస్తోంది. తనకని తెప్పిస్తే కత్తికీ అదే గతి పడుతుంది. అదే మంగకని తెప్పిస్తే? ఆదివారం ఒక్కపూట అడిగి తీసుకుంటే సరిపోతుంది. తన తెలివికి తానే ముచ్చటపడి బుక్ చేశాడు.

కానుక ఇచ్చిన సాయంత్రమే మంగను కూర్చోబెట్టి కత్తి గొప్పలు చెప్పాడు.

"గిది ఫుల్ ట్యాంగ్. అంటే ఇనుము పిడి లోపటికెళ్లి ఆ కొస దాంక ఒక్కటే ముక్క. ఎంత ఒత్తినా పిడి ఊడది."

"మంచిదే. మనింట్ల కత్తికి పిడి ఊడి రెండేండ్లాయె. నీకు ఇయ్యాల యాదికొచ్చిందా."

"స్టీలు డీ-టూ. దినమంత కోసినా పదును పోదు. పైన నల్లపూత. చీకట్ల మెరవది, దుష్మన్‌కు కనవడది."

"కరెంటు పోతె నాకు గూడ కనవడది గద. ఎట్ల దేవులాడాలె?"

"ఈపు మీద పండ్లున్నయ్ సూడు. విమానంలకెళ్లి దుంకితె పారాచూట్ తాళ్లు కోసుకోవచ్చు."

"మనం ఉండేది మూడో అంతస్తు. దుంకేటప్పుడు జర చెప్పు, కిందికొచ్చి సూస్త."

ముత్యానికి కోపం వచ్చింది గాని పని తనది కాబట్టి మింగాడు. మర్నాడు పొద్దున షిఫ్టుకు పోతూ, కత్తిని కార్ఖానాకు తీసుకుపోయి పరుశురాంకు చూపించొస్తానన్నాడు.

"నాకిచ్చిన కానుకను నలుగురు మొగోళ్లల్ల తిప్పుతవా?" అంది మంగ. "నీకంత కోయాలె అనిపిస్తె సాయంత్రం ఇంట్లనే కొయ్యి. సోరకాయ ఉన్నది."

అభ్యాసమైనా అవుతుందని ముత్యం ఒప్పుకున్నాడు. సాయంత్రం పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ కత్తి వీపు ఇనుప పట్టీ అంత మందం. సోరకాయలోకి సగం దిగి బిగుసుకుపోయింది. ఆలుగడ్డ తెగలేదు, పగిలింది. టమాట అయితే కత్తిని తాకీ తాకగానే రసం చిమ్మి ముత్యం బనీనును ఎర్రగా చేసింది.

"గిది ఫైటింగుకు చేసిన కత్తి. కూరగాయలకు గాదు," అన్నాడు తుడుచుకుంటూ.

"ఫైటింగే చేసినవ్ గద. టమాట గెల్చింది."

అయినా వదల్లేదు. ముత్యం పట్టుదల అలాంటిది. మంగళవారం బెండకాయలు, బుధవారం గోబీ, గురువారం బీన్సు. కత్తిని ఎలా వాల్చితే తెగుతుందో, ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ లాగాలో ఒక్కొక్కటే పట్టుకున్నాడు. మగ్గం మీద ఒక్క పోగు తేడా వచ్చినా పసిగట్టే కన్ను కదా, బీన్సు ముక్కలు కొలత పెట్టి కోసినట్టు సమంగా వచ్చాయి. అతను గమనించనిదల్లా ఒకటే. ఆ వారంలో మంగ ఒక్క పచ్చిమిరపకాయ కూడా కోయలేదు.

బుధవారం నాడు మొండయ్య భార్య వెంకటవ్వ పండుగ పనులు పంచడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది అల్లుడా, గా నల్లకత్తి ఎక్కడిది?"

ఆదివారం పోటీ మాట వచ్చి ముత్యం ఎత్తు మంగ ముందే బయటపడేలా ఉంది. కంగారులో నోటికొచ్చింది అనేశాడు. "మంగకు కొనిచ్చిన అత్తా. పుట్టినరోజు కానుక. దాని మీద నాకు హక్కే లేదు, పూరాగ ఆమెదే."

"ఇన్నవా అవ్వా," అంది మంగ తాపీగా. "నీ ముందటనే అన్నడు."

శనివారం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పొయ్యి గట్టు మీద ఎవరిదో తెల్లటి కత్తి ఉంది. సన్నగా, తళతళలాడుతూ. ముత్యం తన నల్లకత్తి కోసం గది అంతా వెతికాడు. మంచం కింద టార్చిలైటు దాకా వెళ్లి వచ్చాడు. అప్పుడు తెల్లకత్తి పిడి వంక చూశాడు. ఆ పిడిని వారం రోజులు పట్టుకున్న చెయ్యి అది. గుర్తుపట్టింది.

"ఏం జేసినవే?" అన్నాడు.

"సాన పట్టిచ్చిన. సైకిలు మీద చప్పూ-కాతర్ అని, కత్తులు కత్తెర్లకు సాన పడ్త అని ఒర్రుకుంట వస్తడు గద, ఆయినతోని. గంటన్నర పట్టింది. నల్లపూత తీపిచ్చిన, పండ్లు తీపిచ్చిన, పక్కలకెళ్లి మందం తీపిచ్చిన. ఇనుము మంచిదే బెహెన్, ఒంట్ల కొవ్వే ఎక్కువున్నది అన్నడు." మంగ ఈ ముక్క చెబుతూ మొగుడి పొట్ట వంక చూడకుండా ఉండలేకపోయింది.

"అయ్యో, ఏడెక్కితె స్టీలు చెడిపోతది. టెంపర్ పోతది అని వీడియోల చెప్పిండు."

"వీడియో సూడకుంటనే నాకు ఎరుకే. నీళ్ల చెంబు పట్టుకొని పక్కనే నిలవడ్డ. జర ఏడెక్కంగనే ముంచుమన్న, ముంచిండు. పిడి మాత్రం ముట్టనియ్యలే. గది మంచిగున్నది, నూనె చెయ్యైనా జారది. కత్తి పతలగుండాలె, పిడి చేతిల ఇముడాలె, తడి తుడిసి పెట్టాలె. గంతే. దానికి గడ్డపాయన ఎందుకు?"

ముత్యం టమాట తీసుకున్నాడు. కత్తి ఆనించాడు. ఒత్తనే లేదు. టమాట రెండు ముక్కలై చెరో పక్కకు ఒరిగింది, చుక్క రసం కారలేదు. ఏడవాలో ఎగిరి గంతెయ్యాలో తెలియక ఇంకో టమాట కోశాడు. ఈ కత్తితో రేపు పరుశురాం పని అయిపోయినట్టే.

"మంగా, రేపు ఒక్కపూట గీ కత్తి నాకియ్యి."

"ఇస్త. కాని కత్తి ఎంబడి నేనొస్త."

వస్తే వచ్చింది, పోగులు కొట్టేది తానే కదా అనుకుని ముత్యం సరేనన్నాడు.

ఆదివారం పొద్దున మగ్గాల షెడ్ల వెనుక ఖాళీ జాగాలో, పోచమ్మ గద్దె పక్కన జనం చేరారు. మేక పని అయిపోయింది. మొండయ్య తొడ ఒకటి తీసి మొద్దు మీద పెట్టాడు. బొక్కలు కొట్టడానికి గొడ్డలి వేరే ఉంది. కండ కోసి కీలు విడదీయడం కత్తి పని. పరుశురాం ముందు వచ్చాడు. ఊరి కమ్మరి చేసిన కత్తి, చూడడానికి గంభీరంగానే ఉంది గాని పిడి వదులు. నాలుగు కోతలకే కిర్రుమంది. ఐదో కోతకు అడ్డం తిరిగింది. పరుశురాం పేరుకు తగ్గట్టు గొడ్డలి కోసం చెయ్యి చాపాడు. మొండయ్య వద్దన్నాడు.

ముత్యం కత్తి అందుకున్నాడు. తక్కువలో తక్కువ నలభై నాలుగు కళ్లు అతన్నే చూస్తున్నాయి. అక్కడే వచ్చింది చిక్కు. ఇంట్లో పీట మీద కూర్చుని కోసినట్టు కోసి ఉంటే ఈపాటికి అతని పేరు ఉధ్నా అంతా మోగేది. కాని ఇంతమంది ముందు బీన్సు కోసినట్టు కోస్తే ఏం బాగుంటుంది? గడ్డపాయన గుర్తొచ్చాడు. కత్తిని తలకిందులుగా తిప్పి పిడికిట్లో బిగించి, కాళ్లు ఎడం చేసి, కమాండోలాగా నిలబడ్డాడు. జనం నాలుగడుగులు వెనక్కి వేశారు.

ముత్యం పొడిచాడు. తొడ పక్కకు జారింది. కత్తి పోయి మొద్దులో దిగింది. లాగాడు, రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. మొద్దు కూడా లేచి వచ్చింది గాని కత్తి రాలేదు.

మంగ కొంగు బిగించి ముందుకొచ్చింది. కత్తిని ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊపి తీసేసింది. తొడను మొద్దు మీద తిప్పి పెట్టుకుని, వేలితో కీలు ఎక్కడుందో తడిమి, అక్కడ కత్తి మొన దించింది. కీలు తలుపు తెరుచుకున్నట్టు విడిపోయింది.

మొండయ్య కత్తిని తీసుకుని బొటనవేలితో అంచు చూశాడు. "మస్తున్నది. ఎవలదిది?"

ముత్యం నోరు తెరిచాడు. నాది అనే ఒక్క మాట అంటే చాలు, పదకొండేళ్ల కల తీరిపోతుంది. కాని ఎదురుగా వెంకటవ్వ నిలబడి ఉంది. ఆమె పక్కన ఇంకో పదిహేను మంది ఆడవాళ్లు ఉన్నారు. బుధవారం నాటి కానుక ముచ్చట అందరికీ చేరిపోయిందని వాళ్ల నవ్వులే చెబుతున్నాయి. భార్యకిచ్చిన కానుకను నాదన్నాడనిపించుకుంటే ఉధ్నాలో తలెత్తుకు తిరగడం కష్టం.

"మంగది మామా," అన్నాడు.

"అయితె పోగులు మంగనే కొడ్తది."

"ఆడిది పోగులు కొట్టుడేంది మామా?" అన్నాడు పరుశురాం.

"మంచి కత్తి ఎవలదైతె వాళ్లే అన్న. మొగోనిదైతె అనలే," అన్నాడు మొండయ్య. వెంకటవ్వ వెనకాలే ఉండగా ఆయన ఇంకో మాట అనే ధైర్యం చేయడు. "కూసో బిడ్డా."

మంగ కూర్చుంది. ఇరవై రెండు పోగులు. తొడకు తొడ, బొక్కకు బొక్క, గోరంత తేడా లేదు. ప్రతి ఇల్లాలూ తన పోగు చూసుకుంది, పక్కింటి పోగు చూసుకుంది, వంక దొరక్క దిగులుపడింది.

ముత్యం చేతులు ఊపుకుంటూ నిలబడ్డాడు. మొండయ్య అతన్ని చూసి జాలిపడి, ఏం పని చెప్పాలా అని చుట్టూ చూశాడు.

"ఉల్లిగడ్డలు కోసుడు ఉన్నది నాయినా," అంది మంగ తలెత్తకుండానే. "వారం సంది ఇంట్ల ఆయినే కోస్తున్నడు. మంచిగ చెయ్యి తిరిగింది."

ముత్యం ముందు పదికిలోల ఉల్లిగడ్డలు, ఎవరింటిదో మొద్దుకత్తి వచ్చి పడ్డాయి. మంగ పక్కనే కూర్చుని కోయడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆగలేక మెల్లగా అడిగాడు.

"గీ పని నీకెట్లొచ్చు?"

"మా నాయిన ఊర్లె పోగులు కొట్టెటోడు. పక్కన కూసొని నేర్చుకున్న. పన్నెండేండ్లల్ల ఎన్నడన్న అడిగినవా?"

ముత్యం రెండు ఉల్లిగడ్డలు కోశాడు.

"మరి నా ఎత్తు నీకెప్పుడు సమజైంది?"

"కానుక ఇచ్చిననాడే. నా పుట్టినరోజు పోయి నాలుగు నెలలాయె."

ముత్యానికి నిజంగానే సిగ్గేసింది. తలకాయ వంచుకుని ఉల్లిగడ్డలు కోస్తూ పోయాడు, సన్నగా, సమంగా. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అటుగా పోతున్న ఆడవాళ్లు, పాపం ఎంత ఘాటు ఉల్లిగడ్డలో అనుకున్నారు.