మూడు కొలతల గుంత

మా వీధి మొదట్లో, టైలరు కొట్టుకు ఎదురుగా ఉన్న గుంతను సంపూర్ణంగా పూడ్చివేసినట్లు పురపాలక సంఘం వారు అధికారికంగా ప్రకటించి రెండేళ్లు దాటింది. గుంత కూడా అక్కడే క్షేమంగా ఉంది. ఈ రెండింటికీ మధ్య ఏదో పేచీ ఉందని పక్క వీధులవాళ్లు అనుకుంటారు గానీ, మాకు అలాంటిదేమీ కనబడదు. ఎలా పూడ్చారో తెలిస్తే మీకూ కనబడదు.

పూడ్చింది టైలరుగారమ్మాయి. ఎప్పుడూ చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరుగుతుంది గనుక వీధిలో అందరం ఆ పిల్లను పెన్సిలు అనే పిలుస్తాం. తండ్రి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తుంటే పక్కన కూర్చుని కాగితం మీద గీస్తూ పెరిగింది. చదువు అయ్యాక, ఆటలకు వస్తువులు తయారుచేసే పని నేర్చుకుంటానంది. ఆటలంటే కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఆడేవి. వాటిలో కనబడే ఇళ్లూ చెట్లూ కత్తులూ కుర్చీలూ ఆకాశం నుంచి ఊడిపడవు. ఎవరో ఒకరు కూర్చుని, పొడవూ వెడల్పూ ఎత్తూ చూసుకుని, ఎటు తిప్పినా నిజమే అనిపించేలా తయారుచేయాలి. దాన్ని మోడలింగ్ అంటారు.

మోడలింగ్ అన్న మాట వినగానే మేడింటాయన కంగారుగా టైలరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వీధిలో మేడ ఉన్నది ఆయన ఒక్కడికే కాబట్టి అందరి మంచిచెడ్డలూ ఆయనే చూస్తాడు. పిల్ల నెల రోజులుగా గదిలో కూర్చుని ఒక కుర్చీ చేస్తోందని తెలిసి, ఆయన కంగారు రెట్టింపయింది.

"నెల రోజులు చేసి, కూర్చోడానికి పనికిరాని కుర్చీనా?"

టైలరు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "కొలతలు తీసి చేసే పనే కదండీ, మా పనే. కాకపోతే ఎవరూ తొడుక్కోరు," అన్నాడు.

శిక్షణ ఆరు నెలలు. కొత్త వస్తువును ఎవడైనా చేస్తాడని, దాన్ని పాతబడేలా చేయడంలోనే కళ ఉందని అక్కడ నేర్పారు. పెన్సిలు తుప్పు నేర్చుకుంది. గీతలు, పెచ్చులు, నీటి మరకలు, చెదలు నేర్చుకుంది. చివరికి ఉద్యోగానికి చూపించుకోవడానికి తన సొంత పని ఒకటి కావాల్సి వచ్చింది. తోటివాళ్లంతా రెక్కల గుర్రాలు, మంటలు కక్కే కత్తులు చేశారు. ఈ పిల్ల మా వీధిని చేస్తానంది.

నాన్న టేపు మెడలో వేసుకుని, గేటు గేటుకూ తిరిగి కొలతలు తీసింది. ఫోటోలు తీస్తోందనుకుని మేమంతా ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డాం. మనుషులు అక్కర్లేదని చెప్పినా కదలలేదు. ఆ పిల్ల ఎక్కువసేపు గడిపింది మాత్రం గుంత దగ్గర. మనుషుల నడుములు కొలిచే టేపుతో గుంత నడుము కొలిచింది. పొడవు ఏడడుగులు, లోతు మోకాలి దాకా. అందులో పగిలిన గొట్టం, ఎవరిదో కుడికాలి చెప్పు, నీటి మీద నూనె తెట్టు, అంచుల్లో గడ్డి. వీధి మొత్తానికి మూడు నెలలు పడితే, గుంత ఒక్కదానికే పంతొమ్మిది రోజులు పట్టింది. పూర్తయ్యాక చూస్తే అసలు గుంత దాని ముందు దిగదుడుపే అనిపించింది.

ఆటల కంపెనీలో ఆర్ట్ డైరెక్టరు చక్రాల కుర్చీలో ముందుకూ వెనక్కూ జరుగుతూ ఆ వీధిని తెర మీద నాలుగు చుట్లు తిప్పి చూశాడు.

"పని బాగుందమ్మా. కానీ నమ్మబుద్ధి కావడం లేదు."

"ఏది సార్?"

"ఈ గుంత. రోజూ అందరూ నడిచే దారిలో ఇంత గుంత ఉంటే జనం ఊరుకుంటారా? ఆడేవాడు ముందు అదే అడుగుతాడు."

"నిజంగానే ఉంది సార్. మా ఇంటి ఎదురుగానే."

"ఉండొచ్చు. ఉండటం వేరు, నమ్మేలా ఉండటం వేరు. పూడ్చేసి పట్టుకురా, చూద్దాం."

పెన్సిలు ఇంటికొచ్చి పూడ్చేసింది. మధ్యలో టీ తాగడంతో కలిపి అరగంట పట్టింది. మా వీధి చరిత్రలో ఆ గుంత పూడటం అదే మొదటిసారి. డైరెక్టరు మళ్లీ నాలుగు చుట్లు తిప్పి, ఇప్పుడు ఏదో లోపించిందని, అదేమిటో తనకు తెలిసినప్పుడు కబురు చేస్తానని చెప్పి పంపేశాడు.

ఉద్యోగం రాలేదు గానీ, చేసిన పని వృథా పోకూడదని పెన్సిలు ఆ చదునైన వీధిని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. వారం తిరక్కుండా పురపాలక ఇంజనీరు జీపులో వచ్చాడు. అనుభవజ్ఞుడు కాబట్టి జీపును గుంతకు ఇవతలే ఆపించి, అంచు వెంట ఒదిగి నడిచి, కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన బాధ చిన్నది కాదు. ఆ గుంత ఫైలు ఏడేళ్లుగా తిరుగుతోంది. మరమ్మతు పూర్తయినట్టు ఫోటో జతచేస్తే తప్ప ఫైలు మూయడానికి వీల్లేదని పైవాళ్లు పట్టుబట్టారు. ఫోటో తీయబోతే ప్రతిసారీ గుంత అడ్డం వస్తోంది.

"మాకు నీలాంటి మనిషి కావాలమ్మా," అన్నాడు.

పెన్సిలు మొహమాటపడింది. "ఇది ఆట కోసం చేసిందండీ."

"మేము చేసేదీ అలాంటిదేలేమ్మా."

ఆ విధంగా మా పెన్సిలుకు తొలి ఉద్యోగం దొరికింది. దృశ్యాభివృద్ధి విభాగం అని కొత్తగా ఒక విభాగం పెట్టి, కిటికీ లేని గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు ఇచ్చారు. మొదటి నెలలో వీధి దీపాలన్నీ వెలిగించింది. రెండో నెలలో బస్సు స్టాపుకు పైకప్పు వేసింది. మూడో నెలలో చెత్తకుప్పను ఎత్తేసి, అక్కడ రాతి బెంచీలతో పార్కు కట్టింది. పురాధ్యక్షులవారు పార్కును తెర మీద రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. ఇంత వేగంగా, ఇంత నిశ్శబ్దంగా, ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తకుండా అభివృద్ధి జరగడం ఎక్కడా చూడలేదని తమ ఉపన్యాసంలో కొనియాడారు.

మేమూ తక్కువ తినలేదు. కొట్టు ముందు విజ్ఞాపన పత్రాలతో బారులు తీరాం. మేడింటాయన ఇంకో అంతస్తు అడిగాడు, వేయించుకున్నాడు. ఒకావిడ వరండాలోంచి అత్తగారి మంచం తీసేయమంది, తీసేశారు. నేను నా తలుపుకు ఆకుపచ్చ రంగు వేయించుకున్నాను. పెన్సిలు ఎవరినీ కాదనలేదు. ఆ పిల్లకు అది ఉద్యోగం, పైగా చేసిన ప్రతిదీ ఎవరో ఒకరు చూసి మెచ్చుకుంటున్నారు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

ఒకరోజు మధ్యాహ్నం టైలరు కుట్టిన బట్టలు భుజాన వేసుకుని రోడ్డు దాటుతూ గుంతలో పడ్డాడు. ఎడమకాలు విరిగింది. పిండికట్టు వేయించుకుని, చంకలో కర్ర పెట్టుకుని, పురపాలక కార్యాలయానికి వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాడు. గుమాస్తా శ్రద్ధగా తెర మీద వీధి తెరిచి, స్థలం చూపించమన్నాడు. టైలరు కళ్లద్దాలు సవరించుకుని ఎంత వెతికినా గుంత దొరకలేదు. కార్యాలయం వారు నిష్పక్షపాతంగా విచారించి, చదునైన రోడ్డు మీద తగిన కారణం లేకుండా పడినందుకు వారం లోపల సంజాయిషీ ఇవ్వవలసిందిగా నోటీసు పంపారు. సాక్ష్యంగా రోడ్డు బొమ్మ జతచేశారు. బొమ్మ కింద, తయారుచేసినవారు అన్నచోట, పెన్సిలు సంతకం ఉంది.

సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చేసరికి తండ్రి మంచం మీద కాలు చాపుకుని ఆ కాగితమే చూస్తున్నాడు. కోప్పడతాడేమోనని గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాగా చేశావమ్మా," అన్నాడు టైలరు. ఆయన వెటకారం తెలియని మనిషి. "ముప్పయ్యేళ్లుగా చిరుగులు కుడుతున్నాను. కుట్టు కనబడకుండా కుట్టడం నావల్ల కాలేదు. అక్కడే పడ్డవాణ్ణి, నేనే కనుక్కోలేకపోయాను."

పెన్సిలు ఆ పూట అన్నం దగ్గర కూర్చుంది గానీ తినలేదు. మర్నాడు పది గంటలకు కార్యాలయానికి వెళ్లి, కంప్యూటరు తెరిచి, పాత గుంతను తెచ్చి దాని చోట దాన్ని పెట్టేసింది. గొట్టం, గడ్డి, నూనె తెట్టు, కుడికాలి చెప్పు, ఏదీ మర్చిపోలేదు.

ఏడేళ్లలో ఎన్నడూ కదలని మా వీధి ఆ రోజు కదిలింది. భోజనాల వేళకల్లా నూరు మందిమి టైలరు కొట్టు ముందు చేరాం. గుంతను తక్షణమే పూడ్చాలని నినాదాలిచ్చాం. జనం ఎక్కువై కొందరు గుంతలోనే నిలబడాల్సి వచ్చింది. విలేకరి ఒకడు వచ్చి వాళ్ల కాళ్ల కిందకి కెమెరా తిప్పబోతే, గుంత అది కాదని, తెర మీద ఉన్నదని అతనికి ఓపికగా వివరించాం.

కార్యాలయం నుంచి పెన్సిలును అక్కడికే పిలిపించాం. అందరి తరఫునా మేడింటాయన మాట్లాడాడు.

"ఏమమ్మా, వీధి పరువు తీశావు. పొద్దున్నే మా అల్లుడు ఫోను చేశాడు, మామయ్యగారూ మీ వీధిలో గుంత పడిందటగా అని. తలెత్తుకోలేకపోయాను."

"మీ అల్లుడుగారు పోయిన నెలలో ఇందులోనే పడ్డారు కదా పెదనాన్నా?"

"అది వేరు. అప్పుడు ఎవరికీ కనబడలేదు."

ఇంతలో ఇంజనీరు జీపు దిగి, అంచు వెంట ఒదిగి నడిచి వచ్చాడు. పెన్సిలు ఆయనవైపు తిరిగింది.

"పూడ్చేస్తానండీ. మీరు ముందు దీన్ని పూడ్పించండి," అని తన కాళ్ల దగ్గరున్న గుంతను వేలితో చూపించింది.

"దానికి టెండరు పిలవాలమ్మా. దీనికైతే నువ్వు చాలు," అన్నాడు ఇంజనీరు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

పెన్సిలు తల అడ్డంగా ఊపింది. లేని గుంతను సృష్టించి సంఘం ఆస్తికి నష్టం కలిగించిందన్న ఆరోపణ మీద సాయంత్రానికి ఉద్యోగం తీసేశారు. గుంతను పూడ్చడానికి వేరే మనిషి కోసం ప్రకటన ఇచ్చారు.

ఆ గొడవ పత్రికల్లో వచ్చింది. అది చదివి ఆర్ట్ డైరెక్టరు స్వయంగా ఫోను చేశాడు. నూరు మందికి కోపం తెప్పించిందంటే గుంత నమ్మేలా ఉన్నట్టేనని, లోపించినదేమిటో ఇప్పుడు తెలిసిందని చెప్పి, ఆ వారమే ఉద్యోగంలో చేర్చుకున్నాడు. పెన్సిలు ఒక్కటే షరతు పెట్టింది. ఆటలో గుంత ఉన్నదున్నట్టు ఉండాలి, ఆడేవాళ్లు దాన్ని తమ చేతులతో పూడ్చాలి. పార పట్టుకోవాలి, కంకర మోయాలి, మట్టి దిమ్మిస కొట్టాలి. పది రోజులు అలా చేస్తే ఎవరికైనా చెయ్యి అలవాటవుతుందని, ఆ తరువాత ఊరికే కూర్చోలేరని ఆ పిల్ల నమ్మకం. తండ్రికి కూడా అదే చెప్పింది. ఆయన కర్ర ఊతంతో కొట్టు తెరుస్తూ, "చూద్దాం," అన్నాడు.

ఆట అఖండ విజయం సాధించింది. ఎక్కడెక్కడి జనమో మా గుంతను పూడ్చారు. మా వీధిలోనైతే పొద్దున్న లేస్తే అందరం అదే పని. గుంతను తప్పించుకుని గుమ్మాల్లో కూర్చుని, చెమటలు పట్టేదాకా పూడ్చేవాళ్లం. నేను రెండు వందల పధ్నాలుగు సార్లు పూడ్చాను. మేడింటాయన పదకొండు వందల సార్లు పూడ్చి, దేశంలోనే మొదటివాడిగా నిలిచాడు.

పోయిన శనివారం సాయంత్రం ఆయనకూ పెన్సిలుకూ వీధిలో సన్మానం ఏర్పాటు చేశాం. వేదిక టైలరు కొట్టు పక్కన. వచ్చిన అతిథులు ఎడమవైపు చూసుకుని నడవవలసిందిగా మైకులో మూడుసార్లు విన్నవించాం. పురాధ్యక్షులవారు జ్ఞాపిక అందజేస్తూ, ప్రజలు స్వయంగా పార పట్టిన ఈ యుగం సువర్ణాక్షరాలతో లిఖించదగినదన్నారు. తరువాత పెన్సిలును మాట్లాడమన్నారు.

ఆ పిల్ల మైకు దగ్గరికి వచ్చింది.

"నాకు ఉపన్యాసాలు రావండీ," అంది. "ఈ గుంతను నేను మూడుసార్లు కొలిచాను. నాలుగు బండ్ల కంకర, రెండు పారలు, ఆరుగురు మనుషులు ఉంటే ఒక్క పూట పని. ఇక్కడ నూరు మంది ఉన్నారు. పని మీ అందరికీ వచ్చు. రేపు ఆదివారం."

అందరం ఆలోచనలో పడ్డాం. చివరికి మేడింటాయన జ్ఞాపిక ఒళ్లో పెట్టుకుని చెయ్యెత్తాడు.

"అమ్మాయీ, ఆ రెండో పార ఏ లెవెల్లో ఇస్తారు?"

ఇన్నాళ్లూ ఆటలో ఒక్క పారతోనే తంటాలు పడుతున్నవాళ్లం. జవాబు కోసం అందరం చెవులు రిక్కించాం.