ఆఫీసుకో హస్కీ కావాలి

ప్రతి ఆఫీసులోనూ ఒక హస్కీని పెంచాలని నేను గట్టిగా వాదిస్తున్నాను. నవ్వకండి! మంచు మీద బండ్లు లాగే ఆ ఉత్తరదేశపు కుక్క మా రేకుల కప్పు కిందికి వచ్చాకే మేము మనుషుల్లా బతుకుతున్నాం.

దాన్ని మా మేనేజరు గారు ముచ్చటపడి కొన్నారు. ఇంట్లో ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు. సరే, ఆఫీసుకు తెచ్చారు. "మీ ఇంట్లో డిగ్రీ చదివినవాడివి నువ్వొక్కడివేనటగా! కుక్కల పుస్తకం చూసి, దీని బాగోగుల మీద వారం వారం రిపోర్టు రాయవయ్యా" అన్నారు. నా చదువు అక్కరకొచ్చిందని నాన్న వీధంతా చెప్పుకున్నాడు.

పుస్తకం మూడుసార్లు చదివాను. హస్కీకి రెండు పొరల బొచ్చు. ఎండాకాలమని గొరిగించకూడదు, ఎండను ఆపేదీ ఆ బొచ్చే. ఏడాదికి రెండుసార్లు దిండ్లకు సరిపడా రాలుస్తుంది. మొరగడం తక్కువ, ఊళ ఎక్కువ. దొంగ వస్తే తోక ఊపి లోపలికి రమ్మంటుంది. రోజూ పరిగెత్తించకపోతే గోడ కింద సొరంగం తవ్వుతుంది.

ఇవి అవలక్షణాలంటారా? ఎంత పొరపాటు!

ఫ్యాన్ కోసం మేము మూడేళ్లు అర్జీలు పెట్టాం. "చూద్దాం" అన్నారు. "హస్కీకి ఉక్క పడదు" అని నేను ఒక్క ముక్క రాశాను. మూడో రోజుకి ఏసీ! "చల్లటి నీళ్లు తప్పనిసరి" అంటే కూలర్! "ఐదు దాటితే దిగులు పడుతుంది" అంటే ఐదింటికల్లా తాళం!

"తమ్ముడూ, విరిగిన కుర్చీ చూస్తే దానికి జ్వరమొస్తుందని రాయవూ?" అని టైపిస్టు అక్కయ్య నా గడ్డం పట్టుకుంది.

ఇంతలో మా అమ్మకు కంటి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. నాలుగు రోజులు సెలవడిగాను. "నువ్వెళితే కుక్కనెవరు చూస్తారయ్యా?" అని మేనేజరు గారు కాగితం తిప్పికొట్టారు. రెండోసారి అడిగినా అదే మాట.

అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుకని ఆ వారం రిపోర్టులో ఉన్నమాటే రాశాను: "హస్కీకి ఒంటరితనం పడదు. నాలుగు రోజుల గాలిమార్పు మేలు. మా ఊళ్లో గాలి బాగుంటుంది." వెంటనే సంతకం! కింద "తోడుగా ఒక మనిషిని పంపవలెను" అని కూడా రాశారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఒక కంటికి కట్టుతో మంచం మీద కూర్చున్న అమ్మ మురిసిపోయింది. "అడగ్గానే సెలవిచ్చారా నాయనా! ఎంత మంచి మనిషో!"

"నాకు కాదమ్మా, దీనికి. నేను తోడొచ్చాను."

అమ్మ దాని తల నిమిరింది.

"అయితే రెండో కంటికి కూడా దీన్నే ఓ మాట అడగమనరా."