తాబేలుకు హౌస్‌ఫుల్

ఆ రెండో శనివారం ఉదయం దుర్గాప్రసాద్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా పటమటలో కరిముల్లా సీడీల కొట్టుకు వెళ్లాలి. అక్కడున్న ఇరవై కంప్యూటర్ ఆట పెట్టెల్ని దాచెయ్యాలి. గుమ్మానికి ఒక బోర్డు తగిలించాలి. హైదరాబాదు నుంచి వచ్చే కంపెనీ మనిషి ఆ బోర్డు చూసి వెళ్లిపోయాక, ఒంటిగంటకు ఇంటికొచ్చి భోంచేసి, భార్యను మంగళగిరి చీరలకు తీసుకెళ్లాలి. మూడు రోజులుగా ముసురు. హేమ గొడుగు అందిస్తూ భర్తను ఎగాదిగా చూసింది.

"ముప్ఫయ్యారేళ్లొచ్చాయి. తాబేలు కోసం సెలవు రోజు పాడు చేసుకునేవాళ్లని మిమ్మల్నే చూశాను."

"తాబేలు కోసం కాదే. పాపం, కరిముల్లా గారి కోసం."

నిజం చెప్పాలంటే ఈ రెండూ కావు, అతను వెళ్లేది తన కోసమే. అది రెండువేల నాలుగో సంవత్సరం. టోబో అనే తాబేలు రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ పోయే కంప్యూటర్ ఆటకు రెండో భాగం విడుదలై నెలయింది. ఆఖర్లో కొండ అంచు విరిగి, టోబో ఒంటిచేత్తో వేలాడుతుండగా ఆట ఆగిపోతుంది. మూడో భాగం వస్తే తప్ప పైకెక్కే దారి లేదు. దుర్గాప్రసాద్ కాలవల ఆఫీసులో పన్నెండేళ్లుగా ఒకే కుర్చీలో గుమాస్తా. వేలాడటమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆఫీసులో అతన్ని "ఏమోయ్" అంటారు. కరిముల్లా కొట్టు ముందున్న బెంచీ మీద మాత్రం, "ఉండండి, ప్రసాద్ గారేమంటారో" అని మాట ఆపుతారు. లోకంలో అతని కోసం మాట ఆపే చోటు అదొక్కటే.

ప్రతి ఆదివారం ఏడుగురు టోబో అభిమానులు అక్కడ చేరేవారు. నెట్ సెంటర్లో చదివొచ్చిన అమ్మకాల అంకెలు ఒకళ్లకొకళ్లు వినిపించుకునేవారు.

"జపాన్‌లో ఓపెనింగ్స్ అదిరినయ్యంట. జర్మనీయే కాస్త డల్లుగా ఉంది" అనేవాడు ఫొటో స్టూడియో అంతోని.

"జర్మనీ ఎప్పుడూ బీ సెంటరేగా. నాలుగో వారంలో పికప్పవుద్ది" అని దుర్గాప్రసాద్ తీర్పు చెప్పేవాడు. మిగిలినవాళ్లు తలలు ఊపేవారు.

జపాన్, జర్మనీల సంగతి సరే. పటమటలో అమ్మకం మాత్రం గుండుసున్నా. కరిముల్లా తెప్పించిన ఇరవై పెట్టెలూ అరలో దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరి దగ్గరో పుట్టిన ఒక్క కాపీ సీడీ ఏడిళ్లూ తిరిగింది, ఏడుగురూ ఆట పూర్తి చేశారు. ఆడేసిన ఆటను కొనడమంటే తినేసిన ఇడ్లీలకు మళ్లీ డబ్బులివ్వడమేనని వాళ్ల నమ్మకం. ఇంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. శనివారం మనిషి వచ్చి చూస్తాడు, సరుకు కదలకపోతే ఏజెన్సీ రద్దు. ఏజెన్సీ పోతే కొట్టు మూసేసి అన్నగారి చెప్పుల షాపులో కూర్చుంటానని కరిముల్లా మెల్లగా చెప్పాడు. అతను ఏ మాటైనా మెల్లగానే చెబుతాడు. కొట్టు పోతే బెంచీ పోతుంది. అప్పుడు అభిమానులకు నిజంగా బెంగ పట్టుకుంది.

ఇలాంటి ఆపదకు బెజవాడలో పుట్టి పెరిగినవాడికి తోచే ఉపాయం ఒక్కటే. మూతపడిన సినిమా హాల్లో గేటు దగ్గర పనిచేసిన ఎల్లారావు ఇంటికి వెళ్లి, అంతోని హౌస్‌ఫుల్ బోర్డు ఎరువు తెచ్చాడు.

కరిముల్లా దాన్ని చూసి దిగులుపడ్డాడు. "అబద్ధం చెప్పి అమ్మితే బరకత్ ఉండదండీ, కలిసిరాదు, ప్రసాద్ గారూ."

"అమ్మేదేముందండీ ఇందులో? అమ్మేసినట్టు కనపడతామంతే."

పెట్టెలు బియ్యం సంచిలోకి, సంచి అంతోని స్టూడియోలోని చీకటి గదిలోకి వెళ్లిపోయాయి. పదిన్నరకు బోర్డు గుమ్మానికెక్కింది.

పదకొండింటికల్లా గుమ్మం ముందు పాతికమంది ఉన్నారు. ఏమిటో, ఎందుకో ఎవరికీ తెలియదు. హౌస్‌ఫుల్ అంటే ఏదో బాగున్నట్టే లెక్క కనుక వానలో సైకిళ్లు ఆపి మరీ నిలబడ్డారు. వాళ్లను చూసి ఇంకో పదిమంది ఆగారు. కంకిపాడు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గుంపును తోసుకుని లోపలికి వచ్చాడు.

"తాబేలు ఆటంట కదండీ. మా అమ్మాయి నెల రోజుల్నించీ ప్రాణం తీస్తోంది. ఒకటివ్వండి." అంటూ చొక్కా జేబులోంచి డబ్బు తీశాడు.

నెల రోజుల్లో ఆ అర ముందు డబ్బు తీసిన మొదటి మనిషి ఆయనే. కరిముల్లా దుర్గాప్రసాద్ వంక దీనంగా చూశాడు. కంపెనీ మనిషి ఏ క్షణంలోనైనా దిగవచ్చు. అమ్ముడైపోయాయన్న సరుకు అప్పుడే సంచిలోంచి బయటికొస్తే గుట్టు రట్టవుతుంది.

"అయిపోయినయ్యండీ" అన్నాడు దుర్గాప్రసాద్.

ఆ పెద్దమనిషి ఒక్కడే అయితే బాగుండేది. గంటన్నరలో పదకొండు మంది అలాగే వచ్చారు, పదకొండు మందినీ అలాగే పంపారు. ప్రతిసారీ కరిముల్లా ముఖం కొంచెం కొంచెంగా వాడిపోయింది. అంతోనిని ఒకడు పక్కకు పిలిచి, బ్లాకులో ఎంతకిస్తారని అడిగాడు.

పన్నెండున్నరకు కానిస్టేబుల్ వచ్చాడు. అనుమతి లేకుండా లోపల వీడియో ఆడిస్తున్నారని ఎవరో చెప్పారట. కొట్టంతా వెతికాడు. తెర లేదు, కుర్చీలు లేవు. చివరికి బయటి బెంచీ దగ్గర ఆగాడు.

"సీటింగ్ ఇదేనా?"

"ఇదేనండీ" అన్నాడు కరిముల్లా.

"ఒక్క బెంచీకి హౌస్‌ఫుల్లేంటయ్యా?"

ఈ లోపల జనం రోడ్డు మీదికి పొర్లడంతో, ఆటోలు ఆగిపోయి హారన్లు మొదలయ్యాయి. కానిస్టేబుల్ విసుక్కుంటూ అందరినీ వరసలో నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే, పోలీసు లాఠీ కింద బారులు తీరిన నలభై మంది కళ్ల ముందు, కంపెనీ మనిషి తిరుమలరావు ఆటో దిగాడు. అతను తొమ్మిది జిల్లాలు తిరిగినవాడు. ఏ జిల్లాలోనూ ఒక ఆటకు పోలీసు బందోబస్తు చూడలేదు.

"మొత్తం ఎన్నింటికైపోయాయండీ?" అని టై సర్దుకుంటూ అడిగాడు.

"మార్నింగ్ షోకే ఫుల్లండీ" అన్నాడు అంతోని.

కరిముల్లా ఇక ఆగలేకపోయాడు. "బాబూ, మీకు అబద్ధం చెప్పలేను. ఒక్కటి కూడా అమ్మలేదు."

దుర్గాప్రసాద్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తిరుమలరావు మాత్రం పకపకా నవ్వి కరిముల్లా భుజం తట్టాడు. "ఆ మాట టాక్సు వాళ్లకి చెప్పండి, మాకెందుకు? పాత వ్యాపారస్తులని ఊరికే అనరు." అప్పటికప్పుడు హైదరాబాదుకు ఫోన్ చేశాడు. వరసలో ఉన్నవాళ్ల ఊర్లు రాసుకున్నాడు. నాలుగింటి దాకా కదలలేదు. అతను వెళ్లాక సంచి తెచ్చి చూసేసరికి వీధిలో వాన తప్ప ఎవరూ మిగల్లేదు.

దుర్గాప్రసాద్ ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదయింది. మంగళగిరి సంగతి హేమ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. జరిగిందంతా విజయగాథలా చెప్పుకొచ్చాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విని, చివర్లో అడిగింది.

"మీరు ఏడుగురూ తలా ఒకటి కొంటే సరిపోయేదిగా?"

ఏడుగురు మగవాళ్లు నాలుగు ఆదివారాలు ఆలోచిస్తే ఈ మాట ఒక్కరికీ తోచలేదు. అతను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు బోర్డు తీసేశారు, పెట్టెలు అరలోకి ఎక్కాయి. ఒక్క మనిషి రాలేదు. బోర్డు లేని గుమ్మం ముందు ఆగేంత తీరిక ఆ ఊరికి లేదు. ఆ పదకొండు మందీ సరుకు అయిపోయిందని నమ్మి, నెట్ సెంటర్లో ముప్ఫై రూపాయలకు కాపీలు కొనుక్కున్నారని తర్వాత తెలిసింది.

పదో రోజున ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కనుక కరిముల్లా దాన్ని దుర్గాప్రసాద్ చేతికిచ్చాడు. పటమటలో గిరాకీ కంపెనీని ఆశ్చర్యపరిచిందట. ఇంత గిరాకీకి అంత చిన్న కొట్టు సరిపోదట. అందుచేత ఏజెన్సీ రద్దు చేసి, బందరు రోడ్డులో సొంత ఏసీ షోరూం తెరుస్తున్నారట. ఉన్న సరుకు అక్కడికి అప్పగించాలట.

"సరుకు కదలకపోతే తీసేస్తామన్నారు కదండీ" అన్నాడు కరిముల్లా. "కదిలినా తీసేస్తారన్నమాట." అతని మాటలో నిష్ఠూరం లేదు. అదే దుర్గాప్రసాద్‌కు మరీ బాధ కలిగించింది.

ఆ తర్వాతి ఒకటో తారీఖున జీతం అందగానే అతను తిన్నగా పటమట వెళ్లాడు, ఒక పెట్టె కొనడానికి, జీవితంలో మొదటిసారి. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. పక్క కిళ్లీ కొట్టతను, కరిముల్లా చెప్పుల షాపుకు వెళ్లిపోయి వారమైందని, బెంచీ కూడా అక్కడికే మోయించాడని చెప్పాడు. దుర్గాప్రసాద్ చెప్పుల షాపు దాకా నడిచాడు. బెంచీ మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. కరిముల్లా నేల మీద గొంతుక్కూర్చుని ఆయన పాదానికి జోడు తొడుగుతున్నాడు. దుర్గాప్రసాద్ చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

షోరూం నాలుగు నెలల్లో మూతపడింది. ఆ తర్వాతి ఏడాది టోబో మూడో భాగం విడుదలైంది. ఆంధ్రాలో మాత్రం కాదు, ఇక్కడ అమ్మకాలు లేవని కంపెనీ తేల్చేసింది. ఆ ఆదివారం అభిమానులు బందరు రోడ్డులో, దించిన షట్టరు ముందు నిలబడి గంటసేపు చర్చించారు. ఈ ఊళ్లో ఆటలకు అభిమానులున్నారు గానీ కొనేవాళ్లు లేరని అంతోని అన్నాడు. మిగిలినవాళ్లు నిట్టూర్చి, ప్రసాద్ గారేమంటారోనని ఆగారు.

"జనం మారాలండీ" అన్నాడు దుర్గాప్రసాద్.