గాజు తొట్టి మీద విచారణ

పందొమ్మిది వందల నలభై తొమ్మిదిలో, వానలు మొదలయ్యే ముందు, సూర్యాపేటలోని ఒక సర్కారీ కచేరీలో నాలుగు ఎర్ర చేపలు పైవారి అనుమతి లేకుండా చనిపోయాయి. ఆ కచేరీ ఏ శాఖదో చెప్పడం మర్యాద కాదు. అక్కడ పనిచేసినవాళ్లూ, అక్కడ పని కాక తిరిగినవాళ్లూ ఇంకా మన మధ్యనే ఉన్నారు.

ఆ కచేరీలో మత్తయ్య చప్రాసీ. పాత రాజ్యంలో ఉండిన సాహెబు తన గదిలో పెద్ద గాజు తొట్టి పెట్టించి, రంగు చేపలు పెంచాడు. వాటిని సాకే పని మత్తయ్య మీద పడింది. మొదట్లో అతని చేతిలో చాలా చేపలు పోయాయి. పోయిన ప్రతి చేపా అతనికి ఏదో ఒకటి నేర్పి పోయింది. తళతళలాడే కొత్త నీళ్లలో చేప బతకదు. అడుగున వాగు ఇసుక, ఆ ఇసుకలో కాస్త జిగట మన్ను, నాలుగు నాచు మొక్కలు వేసి నీళ్లను నెలా నెలన్నర అలా వదిలేయాలి. అవి ముందు పాలలా తెల్లబడతాయి, తర్వాత కంపు కొడతాయి, ఆ తర్వాత వాటంతట అవే తేటపడతాయి. అప్పుడొక వాగు చేపపిల్లను వదిలి చూసి, అది వారం బతికితే మిగతావాటిని దించాలి. దీన్ని మత్తయ్య నీళ్లు మాగడం అనేవాడు. కచేరీ ఫైళ్లలో ఎక్కడా రాసి లేదు కనుక దీనికి జ్ఞానం హోదా రాలేదు.

పోలీసు చర్య జరిగింది. సాహెబు ఉన్నపళంగా వెళ్లిపోయాడు. కచేరీకి నాలుగు నెలలు తాళం పడింది. లోపల చేపలు ఏ ప్రభుత్వం కింద చనిపోయాయో ఇప్పటికీ తేలలేదు. తొట్టి ఎండిపోయాక అందులో జనం పెట్టుకున్న అర్జీలు దాచారు. అర్జీలకది చక్కగా సరిపోయింది.

తర్వాత కోస్తా నుంచి వల్లభరావుగారు కొత్త అధికారిగా వచ్చారు. ఆయన చురుకైనవారు. చేసిన పని చెడిపోయినా సరే, గడువులోగా చెడగొట్టేవారు. హైదరాబాదు నుంచి పెద్ద దొర పన్నెండు రోజుల్లో తనిఖీకి వస్తున్నారని తెలియగానే, ఆయన చూపు తొట్టి మీద పడింది.

“కొత్త ప్రభుత్వం వచ్చింది, కొత్త చేపలు రావాలి! తొట్టి తోమించండి!” అన్నారు.

మత్తయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “దొరా, పన్నెండు దినాలకు కాదు. నీళ్లు మాగాలె. నెల దాటుతది.”

“నీళ్లు మాగడమేవిటయ్యా? అవేమన్నా మామిడికాయలా?”

“గిప్పుడే ఏస్తే నాలుగు దినాల్ల సస్తయి దొరా.”

“అపశకునం మాటలు మాట్లాడకు” అని వల్లభరావుగారు కచేరీ కాగితాలు చూసే పేష్కారుకు సైగ చేశారు.

తొట్టిని బూడిదతోనూ, చింతపండుతోనూ, చివరకు సోడాతోనూ తోమారు. అడుగున అంటుకున్న ఇసుకను పాత పాలన తాలూకు మురికిగా గుర్తించి మోరీలో పారబోశారు. కొత్త ఇసుకను ఉడకబెట్టారు. బావి నీళ్లను మూడు మడతల గుడ్డలో వడగట్టారు. అవి చాలవని శానిటరీ ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి రెండు గరిటెల బ్లీచింగు పొడి కలిపి, నీళ్లు నిర్దోషమైనవని పత్రం రాసిచ్చాడు.

చేపల బాధ్యతను మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని లక్ష్మీనర్సయ్య సంతోషంగా నెత్తినేసుకున్నాడు. సాహెబు కాలంలోనూ ఆయనే తెచ్చేవాడు. ప్రభుత్వాలు మారినా ఆయన భక్తి మారలేదు. బెజవాడ నుంచి ఇత్తడి బిందెలో బస్సెక్కిన నాలుగు ఎర్ర చేపలను కోదాడ దాటగానే ఒక సుంకం నాకాలో ఆపారు. ఇవి ఆహారమా, అలంకారమా అన్నది తేలలేదు. ఆహారమైతే చచ్చి ఉండాలి, అలంకారమైతే తడిగా ఉండకూడదు. చివరకు “ద్రవరూప సామాను” అని రాసుకుని ఒకటిన్నర రోజు తర్వాత వదిలారు.

పట్టణ ప్రముఖులందరి సమక్షంలో చేపలను తొట్టిలో వదిలారు. “ఈ స్వచ్ఛమైన నీరే మన పరిపాలన! ఈ చేపలే మన ప్రజలు!” అని వల్లభరావుగారు ప్రసంగించారు. అందరం చప్పట్లు కొట్టాం. మూడో రోజు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఆయాసపడుతుంటే, అధికారిగారికి నమస్కరిస్తున్నాయని పేష్కారు గ్రహించాడు. నాలుగో రోజు అవి వెల్లకిలా తేలాయి.

పెద్ద దొర రాక అదృష్టవశాత్తు వాయిదా పడింది గాని, విచారణ వాయిదా పడలేదు. పేష్కారు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, లక్ష్మీనర్సయ్య కమిటీగా కూర్చుని మత్తయ్యను పిలిచారు.

“నాలుగు రోజుల్లో చస్తాయని ముందే అన్నావు గదా?” అన్నాడు పేష్కారు.

“అన్న.”

“నాలుగు రోజుల్లోనే చచ్చాయి గదా?”

“సచ్చినయి.”

“సంగతి ముందే నీకెట్ల తెలుసు?”

మత్తయ్యకు జవాబు తెలుసు. కాని అడిగినవాళ్ల ముఖాలు చూశాక, అది జవాబుగా పనికిరాదని అర్థమైంది. నేరం జరగబోతున్నట్టు ముందుగా ఎరిగినవాడు కనుక సగం జీతం మీద సస్పెండు చేశారు. రోజూ వచ్చి వరండాలో హాజరు వేయించుకోవాలన్నారు. తొట్టిని చచ్చిన చేపలతో సహా సాక్ష్యంగా నిర్ణయించి, పైన పలచని గుడ్డ కట్టి, లక్క ముద్రలు వేసి, ఎవరూ ముట్టరాదని బోర్డు పెట్టారు.

మత్తయ్య రోజూ వరండాలో కూర్చుని కిటికీలోంచి తొట్టిని చూసేవాడు. నీళ్లు తెల్లబడ్డాయి. గదిలో కంపు పుట్టింది. గుమస్తాలు ముక్కులు మూసుకుని, సాక్ష్యం బలంగా ఉందనుకున్నారు. మూడు వారాలకు అద్దం మీద పచ్చటి పాకుడు పట్టింది. మత్తయ్య కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు. సోడా బ్లీచింగులు విరిగిపోయి, చచ్చిన చేపలే ఎరువై, ఎవరి చేయీ పడక నీళ్లు మాగుతున్నాయి! తాలూకా మొత్తంలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

“కమిటీ ఎన్నడు తెముల్తదో?” అని ఇంట్లో సువార్తమ్మ రోజూ అడిగేది. “జొన్నలు అడుగంటినయి. పిల్లలకు గంజి పోస్తున్న.”

“జర ఆగనీ. తొట్టిల నీళ్లు మాగుతున్నయి. ఇంక పదిహేను దినాలు తెమలకుంటే బాగు.”

“గదేం మాట? నౌకరి కన్న నీళ్లెక్కువనా నీకు?”

మత్తయ్య ఆ వారమంతా తన వంతు గంజి పిల్లల గిన్నెల్లో పోశాడు. విచారణ ఆలస్యం కావాలని చర్చిలో మోకరించి ప్రార్థించిన నిందితుడు అతనొక్కడే అయి ఉంటాడు.

నలభై మూడో రోజున ముద్రలు విప్పారు. పెద్ద దొర మర్నాడే వస్తున్నారన్న తొందరలో తొట్టి కడిగే వ్యవధి లేకపోయింది. లక్ష్మీనర్సయ్య రెండో బిందె తెచ్చి గుమ్మరించాడు. చేపలు బతికాయి. గింజుకోలేదు, నోళ్లు తెరవలేదు, హాయిగా ఈదాయి. కిటికీ అవతల మత్తయ్య కళ్లు తుడుచుకున్నాడు.

కమిటీ నివేదిక ఆ సాయంత్రమే తయారైంది: మత్తయ్య ఉన్నప్పుడు చేపలు చచ్చినందునా, లేనప్పుడు బతికినందునా నేరం రుజువైనది; ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

పెద్ద దొర వచ్చారు. చేపలను మెచ్చుకున్నారు. వెళ్తూ వెళ్తూ అద్దం మీద వేలు రాసి, “కొంచెం పాకుడుగా ఉందే” అన్నారు. వారి బండి మలుపు తిరగకముందే సోడా వచ్చింది, బూడిద వచ్చింది, బ్లీచింగు వచ్చింది. తొట్టి అద్దంలా మెరిసింది. అయిదో రోజుకు చేపలన్నీ పోయాయి.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. చేపలు చచ్చాయంటే ఎవరో ఒకరు బాధ్యులు ఉండాలి. ఉన్న బాధ్యుణ్ణి తొలగించారు. ప్రభుత్వంలో అలాంటి స్థానం ఖాళీగా ఉంచడానికి వీల్లేదు. అంచేత మత్తయ్యను తక్షణం తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంటున్నట్టు ఒక కాగితమూ, చేపల మరణానికి సంజాయిషీ కోరుతూ ఇంకొక కాగితమూ ఒకే కవరులో ఇంటికి వచ్చాయి.

“పోతవా?” అంది సువార్తమ్మ.

“పోవాలె గద” అని మత్తయ్య అంగీ తొడుక్కున్నాడు.

దారి పొడుగునా మనవాళ్లు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. సర్కారు నౌకరి పోయి మళ్లీ దొరకడం ఎంత అదృష్టమో చెప్పారు. రెండో కాగితం సంగతి ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు.