సింగపూర్‌కు ముందు లింగంపల్లి

శుక్రవారం పొద్దున ఉప్మా తింటూ దేవదానం, పరంజ్యోతి మరుసటి రోజు కార్యక్రమం ఖాయం చేసుకున్నారు. ఏడు గంటలకు ఇంటికి తాళం. పటాన్‌చెరులో సిటీ బస్సెక్కి లింగంపల్లి. అక్కడ కొత్తగా వచ్చిన లోకల్ రైలెక్కి నాంపల్లి. స్టేషన్ బయట చాయ్ తాగి, వెళ్లిన దారినే వెనక్కి. ఆటో ఎక్కకూడదు, కారు ముట్టుకోకూడదు. సరిగ్గా నెల తర్వాత సింగపూర్‌లో ఆరు రోజులు ఇలాగే తిరగాలి కాబట్టి ఇది రిహార్సల్.

కారు వద్దన్న షరతు పరంజ్యోతిది. బస్సులో కిటికీ పక్కన ఎంత దూరమైనా కూర్చుంటుంది. కారు తలుపు మూసుకుంటే మాత్రం రెండు నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. పెళ్లినాడు చర్చి నుంచి ఇంటికి అంబాసిడర్‌లో తెచ్చినప్పుడు ఏం జరిగిందో రెండువైపుల చుట్టాలూ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. కాలికి ఇనుప పట్టీలు, చేతిలో కర్ర. అలాగే ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయి, ఏం కావాలో చెప్పమని భర్త అడిగితే ఆమె తడుముకోలేదు.

"సింగపూర్ పోదాం. అక్కడ భూమి కింద రైళ్లున్నయంట. కారు లేకుంటనే ఊరంత తిరగొచ్చంట."

పాస్‌పోర్టులు వచ్చాయి. వీసా ఇంకా రాలేదు. అది చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు.

దేవదానం మనసులో మాత్రం ఒక దిగులుంది. ఆమె ఎంత దూరం నడవగలదు? ఇంటి నుంచి బడికి పది నిమిషాలు, చర్చికి అయిదు. అది దాటితే అతనికి తెలియదు. పాతికేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నోరు రాలేదు. అందుకని ఆమెకు తెలియకుండా ఒక ఉపాయం ఆలోచించాడు.

అతను పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ సెక్షన్ సూపర్‌వైజరు. అక్కడ ఫస్ట్ ఎయిడ్ గదిలో ఒక చక్రాల కుర్చీ ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉంది. దాన్ని రెండు రోజులకు అడిగి తీసుకుని, షిఫ్టు బస్సులో లింగంపల్లి తీసుకెళ్లి, స్టేషన్ ముందున్న తెలిసిన చాయ్ దుకాణంలో దాచాలి. రేపు ఆమె అలసిపోతే, అప్పుడే కంటబడినట్టు "అరె, ఇక్కడ కుర్చీ ఉన్నది సూడు" అనాలి. ఇది అతని ఉపాయం. ఆలోచించినప్పుడు చాలా సున్నితంగా అనిపించింది.

సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీ యాదన్న గేట్‌పాస్ పుస్తకం తీశాడు. వెనక షిఫ్టు దిగినవాళ్లంతా వరసలో నిలబడి ఉన్నారు.

"కుర్చీ ఎవరికి సార్?"

"మా ఇంటామెకు."

"ఏమైంది సార్?"

"అంత దూరం నడవలేదేమో అని..." అంటుండగా షిఫ్టు సైరన్ మోగింది. సైరన్ ఆగేసరికి యాదన్న చెవిలో మిగిలింది 'నడవలేదు' అన్న ఒక్క మాటే. దాన్నే పుస్తకపు భాషలోకి మార్చి రాశాడు: 'భార్యకు నడక పడిపోయినందున.'

"అయ్యో సార్! మన టీచరమ్మకా? ఎప్పుడైంది?"

దేవదానం నోరు తెరిచాడు. నిజం చెప్పాలంటే సింగపూర్ సంగతి చెప్పాలి. పెళ్లాం ఎంత దూరం నడుస్తుందో తనకు తెలియదని చెప్పాలి. వెనక నలభైమంది వింటున్నారు. "ఊ" అన్నాడు.

షిఫ్టు బస్సులో అతనికి ముందు సీటు ఖాళీ చేసి ఇచ్చారు. కుర్చీని ఇద్దరు జాగ్రత్తగా ఎత్తి లోపల పెట్టారు. రోజూ పాటలతో హోరెత్తే బస్సులో ఆ రోజు డ్రైవర్ టేపు ఆపేశాడు. యూనియన్ సత్తయ్య వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, పరేషాన్ కాకు. మేమంత ఉన్నం."

"గట్ల కాదు సత్తయ్యా..."

"నువ్వేం చెప్పకు. నాకు అర్థమైతది."

లింగంపల్లిలో కుర్చీతో పాటు దిగుతుంటే ఎందుకని ఎవరూ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని అడగకూడదనుకున్నారు. అతను పటాన్‌చెరుకు తిరిగి వచ్చేలోపల ఆ వార్త అతని కన్నా ముందే వాడకు చేరింది. పక్కింటి రాజవ్వ మొగుడు కూడా అదే బస్సులో వచ్చి పటాన్‌చెరులోనే దిగుతాడు.

రాజవ్వ గిన్నెలో జావ పోసుకుని పరుగున వచ్చింది. రేపటి తిరుగుడు కోసం కాలికి విశ్రాంతి ఇద్దామని పరంజ్యోతి ఆ వేళ మంచం మీద పడుకుని ఉంది. ఇనుప పట్టీలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. అది చూసి రాజవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

"టీచరమ్మా, ఎట్లున్నది పానం?"

"మంచిగున్న రాజవ్వా. రేపు పోతున్నం గదా, అందుకే జెర పండుకున్న."

రాజవ్వ గిన్నె కింద పెట్టింది. "గట్లనకు తల్లీ. ఏడికి పోతవ్?"

పరంజ్యోతికి వీసా సంగతి గుర్తొచ్చి మాట మింగింది. "ఏడికో ఇప్పుడు చెప్పొద్దు. దూరమే. రేపు ఊకెనే చూసొచ్చుడు, అసలు పోవుడు వచ్చే నెల. ఆయనకే గాబర ఎక్కువున్నది. నాకైతే మస్తు సంతోషంగున్నది."

రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని బయటపడింది. పరంజ్యోతి జావ తాగి, రాజవ్వకు ఇంట్లో ఏమైనా గొడవైందేమోనని జాలిపడింది.

దేవదానం ఇల్లు చేరేసరికి బల్ల మీద నాలుగు బ్రెడ్డు పొట్లాలు, సంచి నిండా బత్తాయిలు ఉన్నాయి.

"ఎవరెవరో వచ్చి ఇచ్చిపోయిన్రు. లోపటికి రమ్మంటే రాకపాయిరి. ఏందివన్ని?" అంది భార్య.

"పాతికేండ్లు నిండుతున్నయి గదా. దాని కోసమే" అన్నాడు దేవదానం, చెప్పులు విప్పుతూ.

"పెండ్లిరోజుకు బ్రెడ్డు ఎవరిస్తరండీ?"

అతను ఒక బత్తాయి వలిచి ఆమె చేతిలో పెట్టాడు. తెల్లారితే బస్సెక్కి వెళ్లిపోతాం, సోమవారం కుర్చీ తిరిగి ఇచ్చేస్తాను, అంతా దానంతటదే సద్దుమణుగుతుంది అనుకున్నాడు.

శనివారం ఏడింటికి పరంజ్యోతి ఇనుప పట్టీలు బిగించుకుని, భుజానికి సంచి తగిలించుకుని, కర్ర పట్టుకుని తలుపు తీసింది. గుమ్మం ముందు ముప్పైమంది నిలబడి ఉన్నారు. ఫ్యాక్టరీ ఆంబులెన్సు వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. చర్చి అయ్యగారు బైబిలు పట్టుకుని ముందు నిలబడ్డాడు.

"ఇంతమంది ఎందుకొచ్చిన్రు? లింగంపల్లి దాకనే గదా!" అని ఆమె ఆశ్చర్యపోయింది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మతి కూడా చలించిందని రాజవ్వ మొగుడితో గుసగుసలాడింది. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, మా సహోదరి ఒక దీర్ఘ ప్రయాణానికి సిద్ధపడి ఉన్నది. దారిలో బాధ లేకుండా, నీ చెయ్యి పట్టుకుని నడిపించు తండ్రీ."

"ఆమేన్!" అంది పరంజ్యోతి అందరికంటే గట్టిగా. రహస్యం అయ్యగారికి ఎవరు చెప్పారా అని భర్త వైపు చూసింది. భర్త గేటు గడియను చూస్తున్నాడు.

"వదినా, నిలబడొద్దు. జల్దీ వ్యాన్ల పండుకోండ్రి. దవాఖానల చెప్పి పెట్టినం" అన్నాడు సత్తయ్య.

"దవాఖాన ఎందుకయ్యా? నేను కారు ఎక్క. వ్యాను అస్సలుకే ఎక్క."

"బయపడకు తల్లీ" అంటూ రాజవ్వ ఒకవైపు, మరో ముగ్గురు ఆడవాళ్లు ఇంకోవైపు పట్టుకుని ఆమెను అమాంతం లేపారు. కర్ర కింద పడింది. "ఏమండీ! చెప్పుండ్రి వీళ్లకు!" అని ఆమె అరిచింది.

దేవదానం కర్ర తీశాడు. ఒక్క వాక్యం చెబితే చాలు. కానీ ముప్పైమంది, అందులో రాత్రి బత్తాయిలు తెచ్చినవాళ్లు, పని మానుకుని వచ్చినవాళ్లు. వాళ్ల ముందు తనేమవుతాడు? అతను కర్ర పట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. రాజవ్వ, సత్తయ్య, అయ్యగారు వెనక ఎక్కారు, తలుపు మూసుకుంది.

వ్యాను మెయిన్ రోడ్డు మీదికి రాకముందే పరంజ్యోతికి వాంతి అయింది. రెండోసారి రాజవ్వ చీర మీద అయింది. "అయ్యో, లోపల్లోపలే ఏదో అయితున్నది! ఇంకా జోరుగ నడుపు!" అని సత్తయ్య డ్రైవరు మీద అరిచాడు. డ్రైవరు జోరు పెంచాడు. మూడోసారి అయింది. ముందు సీట్లో దేవదానం ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా కూర్చున్నాడు.

దవాఖానాలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నాడి చూసింది, కళ్లు చూసింది, కాలు చూసింది.

"కాలు ఎప్పుడు పడిపోయింది?"

"నాకు మూడేండ్లప్పుడు" అంది పరంజ్యోతి, మూతి తుడుచుకుంటూ.

"మరి ఇప్పుడేమైంది?"

"వ్యాన్ల ఎక్కించిన్రు."

డాక్టరమ్మ తలెత్తి అందరినీ చూసింది. అందరూ సత్తయ్యను చూశారు. సత్తయ్య దేవదానాన్ని చూశాడు. "అన్నా, గేట్‌పాస్‌ల నడక పడిపోయిందని రాసి ఉన్నది గదా?"

ఇక చూడటానికి గేటు గడియ లేదు. దేవదానం చెప్పాడు. సింగపూర్ చెప్పాడు, సైరన్ చెప్పాడు, చాయ్ దుకాణంలో కుర్చీ చెప్పాడు. చెబుతుంటే ఒక్కొక్క మాటా ఎంత పిచ్చిగా ఉందో అతనికే వినిపించింది. రాజవ్వ తన చీర వైపు చూసుకుంది. అయ్యగారు బైబిలును మెల్లగా చంకలోకి మార్చుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

"సోమారం బస్సుల గీ ముచ్చట నువ్వే చెప్పాలె అన్నా. నేను చెప్ప" అని సత్తయ్య వెళ్లిపోయాడు.

"చెప్త" అన్నాడు దేవదానం. సోమవారం చెప్పాడు కూడా. కానీ అది తేలిక పని.

కష్టమైనది దవాఖానా వసారాలో బెంచీ మీద కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చుని కర్ర ఆమెకు అందించాడు. ఆమె అందుకుని పక్కన ఆనించింది.

"సంగారెడ్డిల ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు నువ్వు తొవ్వల కూలబడ్డవ్, యాదికుందా? జనం చూస్తుంటే నేను జెర ఎడంగ జరిగి నిలబడ్డ, నువ్వెవరో అన్నట్టు. మల్ల గట్ల అయితదేమో అని... నీ కాలు కాదు జ్యోతీ. నా మీద నాకే బయం" అన్నాడు.

"తెల్సు. ఆ రోజు మీరు బొమ్మల దుకాణం చూసిన్రు. మనకు పిల్లలే లేకపాయె, బొమ్మలెందుకు చూస్తున్నరా అనుకున్న."

అతను తల వంచుకున్నాడు.

"నా కాలు నడవదని ఊరందరికి తెల్సు. మీ నోరు నడవదని ఇయ్యాల్నే తెలిసింది" అంది. అని, సంచిలోంచి ఒక ఫైలు తీసి అతని ఒళ్లో పడేసింది.

అందులో విమానం టికెట్ల కోసం నింపిన కాగితం నకలు ఉంది. 'చక్రాల కుర్చీ కావాలి' అన్న గడిలో పెద్ద టిక్కు. దాని కింద ఆమె చక్కని దస్తూరీలో సింగపూర్ రైలు స్టేషన్ల జాబితా, ఏ స్టేషన్‌లో లిఫ్టు ఏ గేటు పక్కన ఉందో, ఏ బస్సుకు మెట్లు తక్కువో, హోటలు నుంచి స్టేషన్‌కు ఎన్ని అడుగులో. ఆఖరున ఒక లైను: 'అక్కడ కిరాయికి కుర్చీ దొరుకును. ఆరు రోజులకు.'

"కుర్చీ... నువ్వే రాసినవా?"

"రెండు నెలలైతుంది. ఏడు వందల అడుగులు నడుస్త, తర్వాత కూసుంట. అడిగితే చెప్దును. ఒక్క మాట అడిగిన్రా?"

"నీకు సిగ్గు అనిపియ్యలేదా?"

"సింగపూర్ చూడనీకె పోతున్న. జనం నన్ను చూస్తే చూడని."

వ్యాను బయట సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు. ఇద్దరూ సిటీ బస్సెక్కారు. లింగంపల్లి చేరేసరికి పదకొండైంది. చాయ్ దుకాణంవాడు చక్రాల కుర్చీలో పాల క్యాను పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్నాడు. క్యాను దించారు. పరంజ్యోతి కొంగుతో సీటు తుడిచి, మహారాణిలా కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుంది.

ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు. దేవదానానికి చెవులు వేడెక్కాయి. ఎడంగా జరగడానికి వీలు లేదు, రెండు చేతులూ కుర్చీకే ఉన్నాయి. కొంతసేపటికి జనం కనిపించడం మానేశారు. కంకర తేలిన గచ్చు, దాని ఎత్తుపల్లాలు, తన ఊపిరి మాత్రమే తెలుస్తున్నాయి.

"ఆగుండ్రి, ఆ బోర్డు చదవాలె... ఆఁ, ఇగ పోనియ్యుండ్రి... ఆ చివరి దాకా పోయి మల్ల వద్దాం. సింగపూర్‌ల పక్షుల పార్కు దీనికి పదింతలుంటదంట. అది మొదటి రోజు పొద్దుగాల. పగటీలి తోట. పొద్దుమీకి సముద్రం ఒడ్డున నాలుగు కిలోమీటర్లు."

ఆరు రోజులు ఇలా కుర్చీని తోయగలడా అని దేవదానాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.